వలస అన్న మాట

యూనివర్సిటీలో నాకు ఖగోళశాస్త్రం చెప్పిన మా గైడ్ గారు పోయారన్న కబురు డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఇంగ్లీషులో వచ్చింది. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. క్యాంపస్ ఒక గొప్ప మనిషిని కోల్పోయిందని రాసిన పెద్దమనిషి అప్పట్లో మా డిపార్ట్‌మెంట్ హెడ్. ఆ పేరు చూడగానే ఒళ్లు మండింది. క్యాంపస్ సార్‌ను ఎప్పుడో పోగొట్టుకుంది, అదీ తెలిసి తెలిసి.

సార్‌ది కృష్ణా జిల్లా. ఉద్యోగానికి వచ్చి తార్నాకలో ఉండిపోయారు. నాది నల్గొండ దిక్కు, తెలుగు మీడియం చదువు. క్లాసులో నేను బిక్కమొహం వేస్తే సాయంత్రం ఇంటికి రమ్మని, బాల్కనీలో కూర్చోబెట్టి తెలుగులో చెప్పేవారు. టీ సాసర్‌లో పోసుకుని ఊదుకుంటూ తాగేవారు.

"ఏమయ్యా, వేరే నక్షత్రాలను ఆనుకుని పెద్ద పెద్ద గ్రహాలు తిరుగుతున్నాయి. గురుగ్రహమంతది నక్షత్రానికి అంత దగ్గర పుడుతుందా? అక్కడ అంత సరుకేదీ? ఎక్కడో దూరాన చలిలో పుట్టి లోపలికి వచ్చుంటుంది," అనేవారు. వచ్చాక దాని గతీ చెప్పేవారు. దాని ఒక్క మొహమే ఎప్పుడూ నక్షత్రం వైపు ఉండిపోతుంది. వేడికి ఒళ్లు ఉబ్బుతుంది. పైనున్న వాయువు కొంచెం కొంచెంగా ఎగిరిపోతుంది. కొన్ని చివరికి నక్షత్రంలోనే పడిపోతాయి. "రావడం ఒక ఎత్తు, వచ్చాక ఉండడం ఒక ఎత్తయ్యా," అని నవ్వేవారు. ఇవాళ నేను క్లాసులో నిలబడి నాలుగు ముక్కలు చెప్పగలుగుతున్నానంటే ఆ బాల్కనీ చలవే.

రిటైరయ్యేలోపు ఇదంతా అందరికీ తెలుగులో ఒక్కసారి చెప్పాలని సార్ కోరిక. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులవి. గేటు దగ్గర టియర్ గ్యాస్ ఘాటు. ఆ ఉపన్యాసానికి సార్ తన చేత్తోనే పోస్టర్ రాశారు: 'పెద్ద గ్రహాల వలస'. ఆంధ్రావాళ్లను వలసవాదులంటున్న కాలంలో ఆ మాట ఎలా వినిపిస్తుందో ఆయనకు తట్టలేదు. నాకూ తట్టలేదు. మర్నాటికి ఎవరో దాని కింద రాశారు: 'నువ్వెప్పుడు పోతవ్?'

విద్యార్థి నాయకుడొకడు సార్ గదికే వచ్చాడు. "ఏంది సార్ గిది? ఎవల గురించి రాసిండ్రు?" అన్నాడు. సార్ బోర్డు మీద బొమ్మలు గీసి ఓపిగ్గా చెప్పారు. అతను తల గోక్కున్నాడు. "గ్రహాలా సార్! మాఫ్ చేయుండ్రి. మా హాస్టల్ల చెప్పుండ్రి, పోరగాళ్లందర్ని నేను తీస్కొస్త."

అడ్డుపడింది మా హెడ్. "ఆ తెలుగు మాట తీసేసి మైగ్రేషన్ అని పెట్టుకోండి, గొడవుండదు," అన్నాడు.

"ఇంగ్లీషులో అయితే సైన్సూ, తెలుగులో అయితే తగాదానా?" అన్నారు సార్.

హాస్టల్లో కూడా వద్దన్నాడు హెడ్. అంతా సార్ క్షేమం కోసమేనట. స్టాఫ్‌రూంలో ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్లలో సార్ జిల్లా వాళ్లూ ఉన్నారు, మా జిల్లా వాళ్లూ ఉన్నారు. ఆ తర్వాత సార్ తెలుగులో పాఠం చెప్పడం మానేశారు, నాక్కూడా. అడిగితే, "ఇంగ్లీషులోనే చదువుకో, నీకే మంచిది," అనేవారు.

పోయిన నెల హాస్పిటల్లో సార్ పక్కన కూర్చున్నాను. సెలైన్ పెడుతూ నర్సమ్మ పలకరింపుగా అడిగింది, "మీదే ఊరు సార్?"

జీవితంలో సగానికి పైగా తార్నాకలో గడిపిన మనిషి. ఏం చెప్పమంటావన్నట్టు నా మొహంలోకి చూశారు.