తోలేటోని చెయ్యి

మా పెద్దనాయిన అంగడిలో ఎద్దును కొనేటప్పుడు దాని పళ్లకన్నా ముందు దాన్ని తోలుకొచ్చిన మనిషిని చూసేవాడు. "దాని ఐబు, దాంట్ల ఉన్న లోపం, తోలేటోనికే ఎరుక. వాన్ని జూడు" అనేవాడు.

హాలియాలో సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు చూడటానికి వెళ్తూ ఆయన్నీ తీసుకెళ్లాను. ఆ ఎర్ర రంగుకూ, ఇంజన్ మోతకూ నేను అప్పటికే పడిపోయాను. అమ్మే అతను మమ్మల్ని ఎక్కించుకుని కాలువ కట్ట వెంట నడిపాడు. ఇరుకు వెనక సీట్లో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న పెద్దనాయిన రోడ్డు వైపు చూడనే లేదు.

"తమ్మీ, జర గేరు మీదికెల్లి చెయ్యి తీయి" అన్నాడు ఉన్నట్టుండి.

అతను నవ్వి, చెయ్యి అక్కడే ఉంచి నడిపాడు.

"ఎక్కినకాన్నుంచి తీస్తలేవు. ఒక్కసారి తీసి సూపియ్యి."

చెయ్యి తీయగానే గేరు దానంతటదే జారిపోయింది. ఇంజన్ ఊరికే అరిచింది, కారు నెమ్మదిగా ఆగింది. అదే నేను హైవే మీద లారీని దాటుతున్నప్పుడు జరిగి ఉంటే? ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆయనకు మనసులోనే దండం పెట్టుకుంటాను.

మరుసటి ఏడాది వేరే కారు కొన్నాను. మొదట ఆయన్నే ఎక్కించుకుని పానగల్ వైపు పోనిచ్చాను. అడగకముందే ఎడమ చెయ్యి పైకెత్తి చూపించాను.

పెద్దనాయిన వెనక్కి వాలి, హాయిగా కునుకు తీశాడు.