వన్స్ మోర్ అనని ఊళ్ళో మా మరదలు

నాకొచ్చిన ఇంగ్లీషు బస్సు బోర్డు చదువుకునేంత. అదీ బోర్డు తెలుగులో ఉంటేనే. అలాంటివాణ్ణి మొన్న చోడవరంలో సెలూన్‌లో కూర్చుని, పక్కాయన ఫోనులో ఆడుతున్న ఇంగ్లీషు సినిమాలో నెరిసిన జుట్టుతో కిటికీ దగ్గర నిలబడ్డ ముసలావిణ్ణి చూసి, ఆవిడ మా మరదలు అన్నాను. గెడ్డం గీస్తున్నాయన కత్తి పక్కన పెట్టి మరీ నవ్వాడు. అతని తప్పు లేదు, నా మాటకు ఊళ్ళో ఉన్న మర్యాద అలాంటిది. కానీ ఈసారి నిజమే చెప్పాను.

ఆవిడ మా మేనత్త కూతురు, కె.కోటపాడు పిల్ల. నేను ఆరో తరగతితో బడికి దండం పెట్టేసి, పగలు బెల్లం వండే చోట పనిచేస్తూ, సాయంత్రాలు ఊరి నాటకాల్లో హాస్యగాడి వేషం కట్టే రోజుల్లో, మా నాటక సమాజంలో ఆడవేషానికి ఆడమనిషి దొరకడం మా మరదలితోనే మొదలు. పద్యనాటకమంటే మీకూ గుర్తుండే ఉంటుంది: పద్యం రక్తి కడితే జనం వన్స్ మోర్ అని అరవాల్సిందే, కథ ఎక్కడున్నా ఆగాల్సిందే, యుద్ధంలో చచ్చిపడ్డ రాజు సైతం లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చేవాడు. అందుకని రాగం ముగించాక ఎత్తిన చెయ్యి దించకుండా ఆ కేక కోసం ఆగడం మావాళ్ళకు ఊపిరి తీసినంత అలవాటు. మా మరదలికి ఆ కేక పడని పద్యం లేదు.

పెళ్ళయి లండన్ వెళ్ళింది. అక్కడ మనవాళ్ళ సభల్లో పాడుతుంటే ఒక దొర దర్శకుడు విని, తన ఇంగ్లీషు నాటకంలో బిడ్డ పోయిన తల్లి వేషం ఇచ్చాడట. మధ్యలో ఒక్కచోట తెలుగులో ఏడుపు పాట. ఇంట్లో మాత్రం గొడవ. "ఈ ఒక్క నాటకం సూద్దాం. జనానికి నచ్చకపోతే మరింక ఊసెత్తకు, బట్టలషాపులో ఉద్యోగానికి ఎల్లిపో" అన్నాడట వాళ్ళాయన. సరేనంది. తర్వాత జరిగింది, మొదటిసారి ఊరొచ్చినప్పుడు తనే చెప్పింది.

పాట పాడింది. ముగించి, చెయ్యెత్తి ఆగింది. హాల్లో ఒక్కరూ కిక్కురుమనలేదు. పక్కనున్న నటుడు ఈవిడ కదులుతుందని చూస్తున్నాడు, ఈవిడేమో కేక కోసం చూస్తోంది. మన దగ్గర అంత నిశ్శబ్దమంటే ఆ తర్వాత గాల్లోకి లేచేది కుర్చీలే. చెయ్యి మెల్లగా దించి, నటన కాని కన్నీళ్ళతో మిగతా మాటలు ఎలాగో అప్పజెప్పి, లోపలికొచ్చి రంగు కడుక్కుంటూ, ఇక బట్టలషాపే అనుకుందట. ఇంతలో దొర పరిగెత్తుకొచ్చి, పాటయ్యాక నువ్వలా ఆగితే జనం ఊపిరి బిగబట్టారు, రేపటినుంచి ప్రతి ఆటలోనూ అలాగే ఆగు అన్నాడట. దేనికోసం ఆగిందో ఈవిడ చెప్పలేదు, ఆయన అడగలేదు. వాళ్ళాయన కూడా బట్టలషాపు మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ తర్వాత నాటకాలు, వాటి వెనక సినిమాలు. ఏ సినిమాలోనైనా మాట్లాడకుండా నిలబడే ఘట్టం ఒకటి ఆవిడకు పెట్టి తీరతారు.

ఇప్పుడు చోడవరంలోనూ పద్యనాటకం అరుదైపోయింది. ఎవరి ఫోను వారిది, ఎవరి చెవుల్లో తీగలు వారివి. బాగుందని అరిచినా అవతల వినేవాడు లేడు, మళ్ళీ కావాలంటే వేలితో వెనక్కి జరుపుకుంటే సరి. ఒక మనిషి గొంతు మన మెప్పు కోసం ఎదురుగా నిలబడి ఎదురుచూడడం మన పిల్లలు ఎరగరు.

సెలూన్ నుంచి ఇంటికి రాగానే ఆవిడకు వీడియోకాల్ చేశాను.

"ఒసే, మేం ఆ వన్స్ మోర్లు అలవాటు సెయ్యబట్టే గదే నీకక్కడ అంత పేరు! అందులో సగం మాదే" అన్నాను.

పడీ పడీ నవ్వింది.

"నోరు మూసుకుని నిల్సున్నందుకే నాకంత పేరొచ్చింది బావా. నువ్వూ ఒక్కపాలి మూసుకునుంటే నీకూ వచ్చీది గదేటి!"