కరుణమ్మ గారు కూర్చున్న రోజు

మొన్న మా స్టాఫ్ రూములో పక్క సీటు టీచరు బీపీ మాత్ర వేసుకోబోతూ అట్ట నొక్కింది. రేకు చిట్లి టప్పుమన్న చప్పుడు. వినీ వినపడనంత చిన్నది, అయినా పేపర్లు దిద్దుతున్న నా చెయ్యి ఆగిపోయింది. ఆవిడకి అదే సమయంలో ఫోను వచ్చింది. మాత్ర గుప్పిట్లో పట్టుకుని వరండాలోకి నడిచింది. నాకు ఉండబట్టలేదు. వెనకాలే వెళ్ళి, "ముందు మింగండి, తర్వాత ఎంతసేపైనా మాట్లాడుకోండి" అన్నాను. ఈ గుడివాడ బడిలో చాటుగా నన్ను "సిస్టరమ్మ" అంటారని నాకు తెలుసు. కోపం లేదు. కాకపోతే ఆ పిలుపు నాది కాదు. దాని అసలు హక్కుదారు గురించి ఇక్కడెవరికీ తెలియదు కాబట్టి రాస్తున్నాను.

ఆవిడ కరుణమ్మ గారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో పెడనలో మా పేటకి దగ్గరగా ఉన్న ఆరోగ్య కేంద్రంలో నర్సు. పొద్దున్నే బందరు బస్సు దిగి, గంజి పెట్టిన నూలుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని, బురదని తిట్టుకుంటూ నడిచి వచ్చేవారు. పేరులో ఉన్న కరుణ ఆవిడ మాటలో ఎంత వెతికినా దొరికేది కాదు. మా నాన్న వీరాస్వామి మగ్గం నేసేవారు. నేను ఇంటరు చదువుతున్న ఏడు ఆయనకి దగ్గు పట్టుకుని వదల్లేదు. కళ్ళె పరీక్ష చేసి క్షయ అన్నారు. ఆ మాట విని మా అమ్మ గోడకి చేరగిలబడిపోయింది. కరుణమ్మ గారు మాత్రం నాన్న పేరు రాసిన ఒక అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టారు. వైద్యం పూర్తయ్యేదాకా కావలసిన మందంతా అందులో ఉంది. రోజు విడిచి రోజు కేంద్రానికి వచ్చి ఆవిడ ఎదుటే మింగాలి.

"ఇంత మందు ఊరికే ఎందుకిస్తారమ్మా? ఏదో మతలబు ఉంటుంది. అయినా సర్కారు సంగతి తెలియందా, దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడు" అన్నారు నాన్న.

"ఊరికే ఎవరిచ్చారండీ? మీరు కొనే అగ్గిపెట్టె మీద పన్ను లేదూ? ఆ డబ్బే ఢిల్లీ దాకా పోయి, మందై మీ గుమ్మానికి తిరిగొచ్చింది. ఇక పూజారినంటారా, ఇదిగో ఇస్తానంటున్నాను. భక్తుడే నోరు తెరవట్లేదు" అన్నారావిడ. నాన్నకి ఆ జబ్బులోనూ నవ్వొచ్చింది. నోరు తెరిచారు. ఆయన మింగేదాకా ఆవిడ చూసి, నాలుక ఎత్తమని కూడా చూసి, అప్పుడు గాని ఇంటికి పంపేవారు కాదు. పెళ్ళయిన కూతురున్న మనిషిని చంటిపిల్లాడిలా చూస్తారేమిటని మా అక్క ఒకసారి గొణిగితే, "చంటిపిల్లలే నయం, ఉమ్మితే తెలుస్తుంది" అన్నారు.

రెండు నెలలకి దగ్గు తగ్గింది. నాన్న మొహంలో రక్తం కనిపించింది. ఆ తర్వాత పద్ధతి మారింది. వారానికి ఒకసారి వెళ్ళి మొదటి మోతాదు అక్కడ మింగి, మిగతావి ఇంటికి తెచ్చుకోవాలి. మళ్ళీ వారం ఖాళీ అట్ట చూపించాలి. నాన్న ఒక్క వారం కూడా తప్పలేదు. అయినా తర్వాతి పరీక్షలో జబ్బు మళ్ళీ కనిపించింది. ఆ కాగితం పట్టుకుని కరుణమ్మ గారు నేరుగా మా మగ్గాల పాకకి వచ్చారు.

మా పాకలో రెండు మగ్గాలు పక్కపక్కనే ఉండేవి. ఒకటి నాన్నది, రెండోది ఎదురింటి కోటయ్య మావయ్యది. చుట్టరికం ఏమీ లేదు గాని నాన్న ఆయన్ని బావా అని పిలిచేవారు. చిన్నప్పటినుంచి మగ్గం కింది గుంటలో కాళ్ళు పెట్టుకుని ఒకరి పక్కన ఒకరు నేసినవాళ్ళు. ఒక టీ చెప్పి రెండు గ్లాసుల్లో పోయించుకునేవారు. ఒక బీడీ చెరిసగం కాల్చుకునేవారు. ఒకరికి నూలు అయిపోతే రెండోవారి నూలు కండెలు ఇటు వచ్చేవి. మా పేటలో నేతగాళ్ళు బతికేదే అలాగ. కరుణమ్మ గారు పాకలోకి వచ్చి నాన్నని నిలదీస్తుంటే ఆయన తల వంచుకుని పడుగు పోగులు సర్దుతూ కూర్చున్నారు. అంతలో పక్క గుంటలోంచి దగ్గు తెర వచ్చింది. ఆవిడ అటు తిరిగి మావయ్యని చూశారు. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది.

"నాకూ అదేనండీ" అన్నారు కోటయ్య మావయ్య నెమ్మదిగా. "బావ సొంత నూలు నేసుకుంటాడు గాని, ఆస్పత్రిలో నా పేరు పడితే మా షావుకారు నూలివ్వడు. అందుకని బావ తన మందులో సగం నాకిస్తున్నాడు."

"ఇద్దరం తలా కాస్త వేసుకుంటే ఇద్దరికీ నెమ్మదిస్తుందనుకున్నామమ్మా" అన్నారు నాన్న.

పేటంతా వినపడేలా తిడతారని నేను బిక్కచచ్చి నిలబడ్డాను. ఆవిడ తిట్టలేదు. పాక గడప మీద కూలబడ్డారు. "ఒక మనిషికి సరిపోయే మందు ఇద్దరు తింటే ఇద్దరిలోనూ జబ్బే బతుకుతుందండీ. ఖాళీ అట్ట చూసి నేనూ సరిపెట్టుకున్నాను" అన్నారు. ఆ మర్నాడే మావయ్యకి పరీక్ష చేయించి ఆయన పేరున వేరే పెట్టె తెప్పించారు. నాన్నకి సూది మందుతో సహా వైద్యం మొదటినుంచి మొదలుపెట్టారు. వీరాస్వామిని చూడ్డానికి వస్తున్నానని పేటలో అందరికీ చెప్పి, పాకలోనే ఇద్దరికీ మందు వేసేవారు. మావయ్య సంగతి షావుకారుకి తెలియనివ్వలేదు.

కానీ మావయ్య ఊపిరితిత్తులు అప్పటికే పాడైపోయాయి. ముసురు పట్టిన రోజుల్లో నోటివెంట రక్తం పడి, బందరు పెద్దాసుపత్రిలో చేర్చిన కొద్ది రోజులకే పోయారు.

కర్మకాండ కాగానే నాన్న మందు మానేశారు. మగ్గం ముట్టుకోలేదు. "నేను సగం ఇచ్చి బావని చంపాను. ఆయనకి లేని మందు నాకెందుకు?" అన్నారు. అమ్మ కాళ్ళు పట్టుకుంది. "ఆయన రాత అంతే, మీరేం చేశారండీ" అని ఏడ్చింది. నేనూ అదే అన్నాను. అలా అన్నకొద్దీ ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నారు. నాన్న కూడా పోతారని నాకప్పుడు తేలిపోయింది. ఆ భయం ఎలాంటిదో ఇప్పటికీ మాటల్లో పెట్టలేను.

సంగతి తెలిసి కరుణమ్మ గారు ఒకరోజు పొద్దున్నే వచ్చారు. అమ్మని ఊరుకోమన్నారు. చెప్పులు విడిచి, కోటయ్య మావయ్య ఖాళీ గుంటలో కాళ్ళు దించి నాన్న పక్కన కూర్చున్నారు. పక్కన మంచినీళ్ళ గ్లాసు, చేతిలో మాత్రలు. భోజనాల వేళ దాటింది. అమ్మ అన్నం తెస్తే ఆయన తిన్నాక తింటానన్నారు. నాన్న లేచి వెళ్ళలేదు, ఆవిడా వెళ్ళలేదు. ఎండ పాక ఇవతలికి తిరిగింది.

"వెళ్ళండమ్మా, మీ బస్సు పోతుంది" అన్నారు చివరికి నాన్న.

"పోనీండి" అన్నారావిడ. "వీరాస్వామి గారూ, మీ తప్పేం లేదని నేను చెప్పను. ఉంది. మీరు సగం ఇచ్చారు, నేను చూసుకోలేదు. ఇద్దరిదీ తప్పే. కానీ ఆస్పత్రిలో కోటయ్య గారు ఆఖరుసారి నన్నడిగిన మాట ఒకటుంది. 'మా బావ మానకుండా వేసుకుంటున్నాడా అమ్మా?' అన్నారు. వేసుకుంటున్నారని మాటిచ్చాను. పోయిన మనిషి దగ్గర నన్ను అబద్ధాలకోరుని చెయ్యకండి."

నాన్న ఆవిడవైపు తిరిగారు. తర్వాత భోరున ఏడ్చారు, మావయ్య పోయాక మొదటిసారి. ఏడుపు ఆగేదాకా ఆవిడ ఆగి, "నోరు తెరవండి" అన్నారు. ఒక్కొక్క మాత్రే మింగించి, నాలుక ఎత్తించి చూసి, అప్పుడు అమ్మ చేతిలోని అన్నం అందుకున్నారు.

నాన్నకి పూర్తిగా నయమైంది. నా పెళ్ళి చీర ఆయనే నేశారు. అప్పటికి కరుణమ్మ గారికి దివిసీమవైపు బదిలీ అయింది. శుభలేఖ ఆవిడకి అందిందో లేదో తెలియదు, రాలేదు. ప్రభుత్వ పథకాలని ఎవరైనా వేళాకోళం చేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పేరు రాసిన ఆ పెట్టె నిజంగానే అంత దూరం నుంచి మా పేటకి వచ్చింది. అది రాకపోతే నాన్న లేరు. అయితే పెట్టె గడప దాకానే రాగలదు. అక్కడినుంచి మనిషి గొంతు దాకా పంపడానికి ఒక మనిషి బస్సు వదులుకోవలసి వచ్చింది.

నా దగ్గరకి ఎవరో ఒకరు తమవల్లే ఏదో జరిగిపోయిందని ఏడుస్తూ వస్తారు. ఎక్కువగా పిల్లలు, అప్పుడప్పుడు వాళ్ళ తల్లులు. నీ తప్పేం లేదులే అనే మాట నా నోటికి రాదు. అది ఎవరినీ బతికించలేదని నేను మా పాకలో చూశాను. కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటాను. వాళ్ళు తలెత్తి చూసేదాకా లేవను.