నీళ్ళ సీసా

ఆ ఎండాకాలం యేసుదాసుకు రోడ్డంటేనే విసుగు పుట్టింది. మంచిర్యాల అవతల ఉన్న మిషన్ దవాఖానలో జీపు డ్రైవరుగా చేరినప్పుడు ఆయన మీసం నల్లగా ఉండేది. ఇప్పుడు జీపు పాతబడింది, ఆయనా పాతబడ్డాడు. జీపు ఇంజనునైతే రెండుసార్లు విప్పి బిగించారు. యేసుదాసును విప్పి బిగించేవాళ్ళు ఎవరున్నారు? నడుం పట్టేసినా, మోకాళ్ళు గుంజినా, పొద్దున్నే లేచి హ్యాండిల్ తిప్పాల్సిందే.

ఉగాది ముందర లక్షెట్టిపేట దారిలో ఓ ఎడ్లబండి ఆయన కళ్ళబడలేదు. తీరా దగ్గరికి వచ్చాక బ్రేకు తొక్కాడు. పక్కన కూర్చున్న డాక్టరమ్మ దెబోరా నుదురు ముందు రేకుకు కొట్టుకుని బొప్పి కట్టింది.

“అద్దం మీద బొగ్గు దుమ్మమ్మా, ఏం కనిపిస్తలేదు” అన్నాడు యేసుదాసు.

ఆమె నమ్మింది. నమ్మడమే కాదు, హైదరాబాదు పోయినప్పుడు అద్దం కడిగే సామాను ఒకటి కొనుక్కొచ్చింది. బానెట్టు కింద వేలాడే గాజుసీసా, దాంట్లోంచి రబ్బరు గొట్టం, స్టీరింగు పక్కన నొక్కే గుండీ, అద్దం ముందర రెండు సన్నని ముక్కులు. గుండీ నొక్కితే నీళ్ళు అద్దం మీద చిమ్ముతాయి, వైపరు తుడుస్తుంది. దవాఖానలో అందరూ వింతగా చూశారు. యేసుదాసుకు మాత్రం గుండెలో రాయి పడింది.

ఎందుకంటే తప్పు అద్దానిదేనని ఆయన సగమే నమ్మాడు. గుడిలో పాటల పుస్తకం తెరిస్తే అక్షరాలు అలుక్కుపోతున్నాయి. అక్కడ మధ్యలో అద్దమేమీ లేదు కదా! కళ్ళు పోయాయని తేలితే బండి పోతుంది. బండితో పాటు దవాఖాన వాళ్ళిచ్చిన రెండర్రల ఇల్లూ పోతుంది. ఈ వయసులో భార్య ప్రేమమ్మను వెంటబెట్టుకుని ఎవరి పంచన చేరాలి? ఆ భయం ఎవరికీ చెప్పుకోలేదు.

వట్టి నీళ్ళకు బొగ్గు మడ్డి వదలలేదు. ఆలోచించి ఆలోచించి, తలంటుకోవడానికి ప్రేమమ్మ నానబెట్టిన కుంకుడుకాయల రసం తీసుకెళ్ళి సీసాలో పోశాడు. తలలో జిడ్డు వదిలించేది అద్దం మీది మడ్డిని వదిలించదా అనుకున్నాడు. నిజంగానే నాలుగు రోజులు నురగ తేలి అద్దం తళతళలాడింది. ఐదో రోజుకు ముక్కుల్లోంచి చుక్క రాలేదు, గుండీ బిగుసుకుపోయింది. సీసా మూత తీస్తే కుళ్ళు కంపు. నిజం చెప్పాలంటే, ఆయన ప్రాణం కాస్త కుదుటపడింది. నేరం మళ్ళీ అద్దం నెత్తికెక్కింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక డాక్టరమ్మ వచ్చింది.

“యేసుదాసన్నా, రేపు చెన్నూరు దిక్కు పోవాలె. పిల్లలకు టీకాలున్నయి. గా సీసా సంగతి జర చూడు. బాగైతదంటే చెయ్యి, కాదంటే తీసి పడేద్దాం.”

కాదమ్మా అని ఒక్క మాటంటే సరిపోయేది. నాలుక దాకా వచ్చింది కూడా. కానీ వెనక సీటులో పడుకుని, “అన్నా, నిమ్మళంగ నడుపు” అంటూ మూలిగిన ఆడమనుషులు గుర్తొచ్చారు. ఇన్నేళ్ళూ వాళ్ళు ఆయన చేతిని నమ్మి కళ్ళు మూసుకున్నారు. “చూస్తనమ్మా” అన్నాడు నీరసంగా.

సీసా కొక్కెం ఊడదీసి, గొట్టాలు పీకి, గుండీ వెనక ఉన్న పంపును విప్పి గోనెపట్టా మీద పరిచాడు. అన్నిట్లోనూ కుంకుడు పిప్పే. సీసా అడుగున గొట్టం చివర నీళ్ళు వెనక్కి జారకుండా ఆపే చిన్న గుండు జిగటలో అతుక్కుపోయింది. వేడినీళ్ళలో నానబెట్టి ఆడిస్తే టకటకమంది. సైకిలు బ్రేకు తీగలోంచి ఒక పోగు లాగి ముక్కుల్లో దూర్చాడు. రంధ్రం కనబడక వేలితో తడుముకుంటూ దూర్చాడు. పంపులోని తోలు వాషరు ఎండి బిర్రబిగిసింది. దానికి ఆముదం పట్టించాడు. పగిలిన గొట్టం బదులు దవాఖానలో సెలైను ఎక్కించే పాత ఎర్ర గొట్టం కోసి తొడిగాడు. నడుం లాగినప్పుడల్లా టైరుకు ఆనుకుని కాసేపు కళ్ళు మూసుకున్నాడు.

“ఈపారి కుంకుడు రసం పోస్తవా, కారం గిట్ల పోస్తవా?” అంది చూడ్డానికొచ్చిన ప్రేమమ్మ.

“నీ నోట్లె మాట నీ నోట్లెనే ఉంచుకో. బట్టల వడగట్టిన నీళ్ళు పట్రా.”

ఆమె తెచ్చిన నీళ్ళు సీసాలో నింపాడు. ఇక ఇంటికి పోయి అన్నం వండమన్నాడు. ఆమె ఖాళీ బిందె చంకనెత్తుకుని వెళ్ళింది.

అంతలో డాక్టరమ్మ వచ్చి, చూద్దామని పక్క సీటులో కూర్చుంది. యేసుదాసు ఇంజను స్టార్టు చేసి గుండీ నొక్కాడు. రెండు ముక్కుల్లోంచి నీళ్ళు సర్రున లేచి అద్దం మీద పడ్డాయి. వైపరు ఇటూ అటూ తిరిగి తుడిచింది.

“మంచిగ చేసినవన్నా” అంది ఆమె.

యేసుదాసు ముందుకు చూశాడు. గేటు దగ్గర తెల్లగా ఏదో ఆకారం కదిలింది.

“ఎవలో పేషంటామె వచ్చినట్టుంది గేటు కాడికి. ఇయ్యాల ఆదివారం, ఎల్లుండి రమ్మని చెప్పుమంటరా?”

డాక్టరమ్మ ఆయన వైపు తిరిగింది. ఆయన ముఖంలోకి చూసింది, మళ్ళీ గేటు వైపు చూసింది.

“ఆమె ప్రేమక్క గదా అన్నా” అంది మెల్లగా. “చంకల బిందె పెట్టుకొని, జీపు బాగయిందా లేదా అని చూస్తుంది.”

యేసుదాసు మళ్ళీ గుండీ నొక్కాడు. మళ్ళీ నీళ్ళొచ్చాయి. వైపరు మళ్ళీ తుడిచింది. గేటు దగ్గరి ఆకారానికి ముఖం రాలేదు. ఇల్లు పోతుందన్న భయం కూడా ఆ క్షణాన ఆయనకు గుర్తురాలేదు. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషిని పోల్చలేకపోయానన్న దుఃఖమే మిగిలింది.

ఇంజను ఆపి తాళంచెవి తీసి డాక్టరమ్మ చేతిలో పెట్టాడు.

“అద్దం సాఫ్‌గనే ఉన్నదమ్మా” అన్నాడు.