ముత్యాలు కొబ్బరిచిప్ప

మా చిన్నప్పుడు... మబ్బు కమ్మిందంటే కళింగపట్నం ఒడ్డున ఎండే చేపల్ని గంపలకెత్తే పని పిల్లలదే. అది అయ్యాకే మా అరుగు మీదికి చదువుకి వచ్చేవారు. అది పంతొమ్మిది వందల అరవై ఎనిమిదో, తొమ్మిదో...

అమ్మ ఎనిమిదో తరగతి చదివింది. బడి మానేసేలా ఉన్న చేపల వేటగాళ్ళ పిల్లలు తొమ్మిది మందికి రోజూ సాయంత్రం పాఠాలు చెప్పేది. వదిలేస్తే ఎవరింట్లోనో పనికి పోతారని ఆమె భయం.

వంశధార వరదకి మా పొలం ఇసక మేట వేసింది. అయినా తవ్వెడు చోడిపిండితో, అదే రాగిపిండితో, అంబలి కాచి అందరికీ పోసేది. గోడ మేకులకు తలో కొబ్బరిచిప్ప... వచ్చినవాళ్ళు తమది దించుకోవాలి.

నా వంతు ఆఖరిది. "నువ్వింటి పిల్లవి కదే" అనేది. నాకు మిగిలేది కుండ కడిగిన నీళ్ళే.

మొదటి చిప్ప ముత్యాలుది. తల్లి లేదు, పదకొండేళ్ళు. అమ్మ దానికి తల కూడా దువ్వేది. నా జడ నేనే వేసుకునేదాన్ని. వాళ్ళకి వీపు తిప్పి కూచునేదాన్ని.

"ఒసే, నీకు రోజంతా అమ్మే కదే... గంటసేపు నాకియ్యలేవేటి?" అని నవ్వేది ముత్యాలు.

దాన్ని కలకత్తాలో ఒక మేస్త్రీ ఇంట్లో పనికి పెట్టాలని మేనమామ పట్టు. ఒక సాయంత్రం అతను వీధి మలుపులో కనబడ్డాడు. ముత్యాలు అప్పుడే రెండు గుక్కలు తాగింది. అమ్మ దాన్ని వంటింట్లోకి తోసి, అంబలి కుండలో ఒంపేసి, చిప్పని మేకుకి తగిలించింది.

"పంతులమ్మా, మా ముత్తేలు ఉన్నాదేటి?"

"రాలేదు బాబూ. సేపలకాడ సూడు."

అతను గోడకేసి చూశాడు. "ఔన్లే... దాని సిప్ప మేకునే ఉన్నాది" అని వెనక్కి తిరిగాడు.

"మావా, ఆ సిప్ప సూడు... ఇంకా కారతన్నాది" అన్నాను.

ముత్యాలు తనే బయటికొచ్చింది. "పద మావా" అంది. నా వైపు చూడలేదు.

మర్నాడు సాయంత్రం అమ్మ మొదటి చిప్ప నాకే పోసింది. చిక్కగా ఉంది. తాగేశాను.

ఇప్పుడు ట్యూషన్లకి పిల్లల్ని బళ్ళమీద దింపుతున్నారు... ఎవరి అమ్మ వాళ్ళకే. మీరు మీ అమ్మని ఎవరితోనైనా పంచుకున్నారా? ఉంటే రాయండి... నాకు చేతకాలేదు.

ముత్యాలు ఆ మర్నాడు పొద్దున్నే, మేనమామతో మొదటి బస్సుకి వెళ్ళిపోయింది.