డాక్టరు పిలుస్తాడనుకున్నాం

మా అమ్మాయిని పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే లవంగనూనె వాసన కొట్టింది. ఎనిమిదేళ్లప్పుడు బాపు నన్నూ ఇలాగే తీసుకెళ్లాడు. మాది లాడ్ బజార్‌లో గాజుల దుకాణం.

"పాలపన్నైనా కాపాడాలి. మూడుసార్లు రావాలి," అన్నాడు డాక్టరు.

"ఒక్కసారిల చేసెయ్ సాబ్!"

డాక్టరు కుదరదన్నాడు. బాపు లేచి నా చెవిలో, "మెల్లగ నడువు బిడ్డా, ఎనుకకు పిలుస్తడు," అన్నాడు. మా గల్లీలో బేరం కుదరక లేచి వెళ్లే గిరాకీని వెనక్కి పిలవకుండా ఎవరూ వదలరు. మెట్లు ఆగి ఆగి దిగాం. డాక్టరు తర్వాతి పిల్లను పిలిచాడు.

తప్పించుకున్నానని నేను గంతులేశాను. తిరిగి వెళ్లడం బాపుకు నామోషీ. నెల తిరక్కుండా దవడ వాచి, పన్ను పీకించాల్సి వచ్చింది. ఆ ఖాళీలోకి పక్కపన్ను జరిగి, కొత్తది వంకరగా మొలిచింది. బేరంలో నన్ను మించినవాళ్లు లేరంటారు. గిరాకీ ముందు నవ్వాలంటే మాత్రం ఇప్పటికీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాను.