గ్వెల్ఫ్‌కి ఆల్ సీజన్ టైర్ల మీద

కెనడాలో కిచెనర్ నుంచి గ్వెల్ఫ్‌కి దూరం గుంటూరు నుంచి విజయవాడ వెళ్ళినంత కూడా ఉండదు. నా భార్య సునీత అక్కడ చదువుకుంటోంది. ఆమె స్టూడెంట్ వీసా పుణ్యాన వచ్చిన స్పౌజ్‌ని నేను. కిచెనర్‌లో గోడౌన్ పని, ఆదివారం ఒక్కటే సెలవు. ఆమెకి బిస్కెట్ ఫ్యాక్టరీలో పని దొరికింది శని, ఆదివారాలే. ఇంత చక్కటి ఏర్పాటు కోసం ఇద్దరం డిగ్రీలు చదివాం. చివరిసారి కలిసినప్పుడు చెట్లకి ఇంకా ఆకులున్నాయి.

శనివారం రాత్రంతా మంచు పడింది. పొద్దున్నే సునీత ఫోన్ చేసింది.

"ఫ్యాక్టరీ మూసేశారు. ఇవాళ ఇంట్లోనే ఉన్నా."

రమ్మని అనలేదు. ఇంట్లో ఉన్నానని మాత్రమే చెప్పింది. నేను అప్పటికే ఒక సాక్సు తొడిగేశాను.

నాకు కారు లేదు, ఆ పూట రైలూ లేదు. మిగిలింది ప్రభుదాస్ అంకుల్. బాపట్లవారు, ప్రతి ఆదివారం గ్వెల్ఫ్‌లో తెలుగు ప్రార్థనకి కారులో వెళ్తారు. దారిలో ఎవరినైనా ఎక్కించుకుంటారు. ఛార్జీ ఏమీ ఉండదు, ఆయన పాడే పాటలకి వంత పాడితే చాలు. నా గొంతు విన్నవాళ్ళు అది చవక అనరు.

తొమ్మిదిన్నరకి బయల్దేరాం. వెనక సీట్లో శ్రావణి, వరంగల్ నుంచి వచ్చి గ్వెల్ఫ్ యూనివర్సిటీలో చదువుకుంటున్న అమ్మాయి.

"అంకుల్, వింటర్ టైర్లు ఏయించినరా?" అంది. మంచు మీద జారకుండా పట్టుండే టైర్లవి, ఇక్కడ ఏప్రిల్ దాకా అవే వాడతారు.

"ఆల్ సీజన్ అని దానిమీదే రాసుందమ్మాయ్. చలికాలం సీజన్ కాదా?"

శ్రావణి సీటు బెల్టు ఇంకోసారి లాగి చూసుకుంది.

హైవే మీద మంచు కరగడానికి ఉప్పు చల్లారు, అక్కడక్కడా తారు కనబడుతోంది. అసలు ప్రయాణం హైవే దిగాక మొదలైంది. ఇళ్ళ మధ్య రోడ్లకి మంచు తీసే బండి ఇంకా రాలేదు. రెండు కార్లు పట్టే రోడ్డు ఒకటిన్నర కారుకి తగ్గింది. పక్కన ఆపిన కార్లు తెల్లటి గుట్టల్లా ఉన్నాయి, వాటి వెనక నుంచి ఎవరు వస్తున్నదీ తెలియదు. ఒక స్టాప్ బోర్డు దగ్గర అంకుల్ బ్రేకు వేశారు. కారు ఆగింది, కాకపోతే బోర్డు దాటి కొంత దూరం వెళ్ళాక. అంకుల్ పాట ఆపి ప్రార్థన అందుకున్నారు. వంత అవసరం లేకుండానే నేనూ కలిశాను.

శ్రావణి యూనివర్సిటీ దగ్గర దిగి, "అన్నా, వదినను అడిగిన్నని చెప్పు," అని బతుకు జీవుడా అన్నట్టు నడిచి వెళ్ళిపోయింది.

సునీత ఉండే సందులోకి తిరిగాం. ఆమె ఇల్లు కనబడుతుండగా కారు మంచులో కూరుకుపోయింది. చక్రాలు తిరుగుతున్నాయి, కారు మాత్రం కదలదు. అంతలో అంకుల్ ఫోన్‌కి మెసేజి.

"మీటింగు కేన్సిలంట బాబూ. సాయంత్రం మళ్ళీ పడుద్దంట మంచు. కారు బయటపడ్డం ఆలస్యం, ఎనక్కెళ్ళిపోదాం."

సోమవారం తెల్లవారకముందే నాకు షిఫ్టు. కారు కదిలిందంటే నేనూ కదలాలి.

సునీత పార పట్టుకుని వచ్చింది. ఒంటిమీద నా పాత జాకెట్టు. ఇన్నాళ్ళకి కలిస్తే ఏమనాలో దారంతా ఆలోచించుకున్నాను.

"ఏంటలా చూస్తావ్, పట్టు," అని పార చేతికిచ్చింది.

తవ్వాను. సునీత ఇంట్లోకెళ్ళి ఆవకాయకని ఇండియా నుంచి తెచ్చుకున్న రాళ్ళుప్పు తెచ్చి చక్రాల కింద పోసింది. ఆ చలికి మంచూ కరగలేదు, ఉప్పూ కరగలేదు. ఇక తోయడమే. డిక్కీ మీద చేతులు ఆనించి పక్కపక్కన నిలబడ్డాం.

"సన్నబడ్డావ్," అంది.

"జాకెట్టు నీకిచ్చేశాగా. అందుకే అలా కనబడతాను."

నవ్వింది. ఫోన్‌లో ఆ నవ్వు సగమే వస్తుందని అప్పుడు తెలిసింది.

"తొయ్యండమ్మా!" అన్నారు అంకుల్. తోశాం. కారు కదల్లేదు. మళ్ళీ తోశాం. అప్పుడు గమనించాను, సునీత చేతులు డిక్కీ మీద ఊరికే ఉన్నాయి. నావి ఎలా ఉన్నాయో ఆమె అప్పటికే గమనించినట్టుంది.

అంకుల్ దిగి వచ్చారు. మమ్మల్ని చూశారు, మా చేతులు చూశారు.

"ఇద్దరు తోస్తంటే కారు ఊగనన్నా ఊగాలి గదా," అన్నారు. వెళ్ళి ఇంజను ఆపేశారు. "ఇంజను బాగా ఏడెక్కింది. కాసేపు చల్లారనిద్దాం. అమ్మాయ్, అన్నం వండావా?"

బయట మైనస్ పధ్నాలుగు.

టమాటా పప్పు, అప్పడాలు. తినగానే అంకుల్‌కి సోఫాలో నిద్ర పట్టేసింది. లేకపోతే నిద్రపోయే మనిషిలా గోడవైపు తిరిగి పడుకున్నారు. మేము వంటింట్లో గిన్నెలు కడిగాం. రెండు నిమిషాల పని, చాలాసేపు కడిగాం. కడిగిన గ్లాసు ఆమె మళ్ళీ సబ్బునీళ్ళలో వేసింది. నేను మళ్ళీ కడిగాను.

మూడింటికి కిటికీలో మంచు తునకలు మొదలయ్యాయి. అంకుల్ లేచి ఇంజను చల్లారిందన్నారు. ఈసారి ఇద్దరం నిజంగా తోశాం. ఒక్క తోపుకి కారు రోడ్డెక్కింది.

వెనక అద్దంలో సునీత పార పట్టుకుని నిలబడి ఉంది. సందు మలుపు వచ్చేదాకా కనబడింది. మంచు వల్ల అంకుల్ చాలా నెమ్మదిగా నడిపారు. నాకు అభ్యంతరం లేకపోయింది.

హైవే మీద ఆయన పాట అందుకున్నారు. నేను ఒక్క చరణం కూడా వదలకుండా వంత పాడాను. చీకటి పడుతుండగా మా ఇంటి ముందు ఆపారు.

"ఈ వారం వింటర్ టైర్లు ఏయించేస్తా బాబూ."

"చలికాలం అయిపోవచ్చిందిగా అంకుల్, ఇప్పుడెందుకు?" అన్నాను.

అప్పటికి డిసెంబరు రెండో వారం.